సవా ఇంచు

ముప్పై నాలుగేళ్లు బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేశాను. నా చేతుల మీదుగా ఎన్ని బస్సులు రోడ్డెక్కాయో నాకే గుర్తు లేదు. అయినా పని అంటే ఏమిటో నాకు సరిగ్గా తెలిసింది మాత్రం రిటైరయ్యాకే. కట్టంగూర్‌లో మా ఇంటి వాకిట్లో, ఒక పాత ఎస్‌యూవీ కింద వెల్లకిలా పడుకున్నప్పుడు తెలిసింది. ఆ పని నేను మంగళవారం తప్పు చేశాను, బుధవారం సరిచేశాను. కొత్తగా పానా పట్టుకుంటున్న పిల్లలకు ఆ రెండు రోజుల సంగతి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ఆ బండి మా డిపో స్టోర్ కీపర్‌ది. ముందు ఆయన గురించి చెప్పాలి.

ఆయనది దేవరకొండ వైపు ఊరు. చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మనిషి. నేను డిపోలో చేరేనాటికే ఆయన నడుము బిగుసుకుపోయింది. నలభై ఏళ్లు వచ్చేసరికి మెడ కూడా తిరగడం మానేసింది. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. మోకాళ్లు సగమే వంగేవి. మామూలు కుర్చీలో కూర్చోలేడని మా వెల్డర్ ఆయనకు ఎత్తైన ఇనుప స్టూలు చేసిచ్చాడు. దాని మీద ఆనుకుని, సగం నిలబడి సగం కూర్చుని, ఆయన ఇరవై ఆరేళ్లు స్టోరు నడిపాడు. డబ్బాలో చెయ్యి పెట్టి బోల్టు పట్టుకుంటే చాలు, చూడకుండానే సైజు చెప్పేవాడు. అందరూ ఆయన్ని స్టోర్ సాబ్ అనేవాళ్లం. ఆయన మాత్రం నన్ను ఉస్తాద్ అని పిలిచేవాడు. అందులో కొంచెం మర్యాద ఉండేది, కొంచెం వెటకారం ఉండేది.

మొదట్లో మాకు పడేది కాదు. ఒకసారి చక్రం బేరింగు కోసం పోతే ఇవ్వనన్నాడు. నువ్వడిగేది ఆ బస్సుకు రాదన్నాడు. బస్సు రిపేరు గుంత మీద నిలబడి ఉంది, అవతల డ్రైవరు తొందర పెడుతున్నాడు. నేను అరిచి, నానా మాటలూ అని, మేనేజరు దగ్గరికి పోయి ఫిర్యాదు చేశాను. మేనేజరు పిలిపిస్తే ఆయన అంత దూరం మెల్లగా నడిచొచ్చి, టేబుల్ మీద రెండు బేరింగులు పక్కపక్కన పెట్టాడు. రెండిటి మీదా ఒకే నంబరు. కాకపోతే ఒకదాని చివర ఇంకో అక్షరం ఉంది. నేనడిగింది వేసి ఉంటే దారిలో వేడెక్కి పట్టేసేది. నేను తల దించుకున్నాను. ఆయన మేనేజరుతో, "ఉస్తాద్ తప్పేం లేదు సార్, అక్షరం చిన్నగ కొట్టిండ్రు, గుంతల చీకటి గూడ ఉంటది" అని నా తరఫున చెప్పి వెళ్లిపోయాడు. ఆ రోజు మధ్యాహ్నం నా టిఫిన్ డబ్బా తీసుకుని స్టోరుకు పోయాను. తర్వాత రిటైరయ్యేదాకా ఇద్దరం అక్కడే తిన్నాం.

తెలంగాణ వచ్చాక కొన్నేళ్లకు, కొద్ది నెలల తేడాతో ఇద్దరమూ రిటైరయ్యాం. నేను కట్టంగూర్‌లో ఉండిపోయాను. ఆయన కేతేపల్లిలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు.

ఆయన భార్యది గొర్రెలు కాసే కుటుంబం. పెళ్లయ్యేదాకా సైకిలు కూడా తొక్కని మనిషి. యాభై రెండేళ్ల వయసులో నల్లగొండ పోయి డ్రైవింగు నేర్చుకుంది. కారణం ఒక్కటే. ఆయనను బస్సు ఎక్కించడం కుదరదు, ఆటోలో కూర్చోబెట్టడం కుదరదు, మామూలు కారులోకి వంచడం కుదరదు. పాత ఎస్‌యూవీ అయితే సీటు సరిగ్గా ఆయన నడుం ఎత్తున ఉంటుంది. బండికి వీపు పెట్టి నిలబడి, వెనక్కి ఆనుకుంటే సీటు మీద కూర్చున్నట్టే. తర్వాత ఆమె ఆయన రెండు కాళ్లూ పట్టుకుని లోపలికి తిప్పుతుంది. ఊళ్లూ పేటలూ తిరిగి, ఎన్నో బండ్ల సీట్లు టేపుతో కొలిచి, చివరికి ఈ బండి కొన్నారు.

బండి మంచిదే. కానీ వయసు మీద పడి, ముందరి స్ప్రింగులు కుంగిపోయాయి. దానికి తోడు పాత ఓనరు ముందు భాగాన ఒక పెద్ద ఇనుప బంపరు బిగించాడు. బండి ముక్కు నేలకు వంగి ఉండేది. మనకైతే అది పెద్ద విషయం కాదు. ఒళ్లు వంగని మనిషికి మాత్రం అదే నరకం. సీటు ముందుకు వాలి ఉండటంతో ఆయన కొద్దికొద్దిగా జారిపోయేవాడు. కాళ్లు అదిమి ఆపుకోలేడు, నడుము వెనక్కి లాక్కోలేడు. ఒకసారి పంటి డాక్టరు దగ్గరికని చౌటుప్పల్ పోయేలోపే ఆమె నాలుగుసార్లు బండి ఆపి, చంకల కింద చేతులు పెట్టి ఆయన్ని పైకి లాగాల్సి వచ్చింది.

ఇలా ఉండగా ఆయన అక్క విషయం వచ్చింది. ఆమె ఆయనకన్నా తొమ్మిదేళ్లు పెద్ద. మహబూబ్‌నగర్ దగ్గర ఒక పల్లెకు ఇచ్చారు. ఆమె కూడా ఆ నీళ్లు తాగి పెరిగిన మనిషే. అక్కాతమ్ముళ్లు కలుసుకుని ఆరేళ్లయింది. ఆదివారం ఆదివారం ఫోనులో మాట్లాడుకునేవాళ్లు, అంతే. రెండుసార్లు వస్తున్నామని చెప్పి, ఆయన నొప్పి వల్ల మానుకున్నారు. మూడోసారి, వచ్చే గురువారం తప్పకుండా వస్తామని అక్కకు మాటిచ్చారు. దాదాపు నాలుగు గంటల ప్రయాణం.

అప్పుడే ఆయన నాకు ఫోను చేశాడు. ముందు భాగం లేపి బండిని మట్టంగా నిలబెట్టే లెవెలింగ్ కిట్టు అని ఒకటి ఉందట. ఆన్‌లైన్లో తెప్పించాడు. రెండు అల్యూమినియం రింగులు, పొడుగు బోల్టులు. ముందరి స్ప్రింగుల నెత్తిన ఒక్కో రింగు కూర్చోబెడితే ముక్కు లేస్తుంది.

"నువ్వు బిగిస్తవా ఉస్తాద్?" అన్నాడు.

"నలభై మందిని మోసే బస్సులు లేపినోన్ని, గిదెంత పని? తీస్కరా" అన్నాను.

మంగళవారం పొద్దున్నే వచ్చారు. బండి మా వాకిట్లో పెట్టి, ఆమె ఆయన్ని దించింది. నేను టేపు తీసి, నేల నుంచి చక్రం పైన అంచు వరకు ముందూ వెనకా కొలిచాను. ముందు భాగం సరిగ్గా రెండు ఇంచులు తక్కువ. కిట్టు డబ్బా మీద కూడా రెండు ఇంచులనే ఉంది. నాకు ఇంకేం కావాలి?

ఆయన మాత్రం తల అడ్డంగా ఊపలేక, చెయ్యి అడ్డంగా ఊపాడు. "ఖాళీ బండిని కొలుస్తున్నవు ఉస్తాద్. మేము కూసొని, సామాన్ ఎక్కినంక ఎనకది దిగుతది. అప్పుడు ఫరక్ రెండు ఉండదు. నాకు సవా ఇంచు చాలు." సవా అంటే ఒకటింపావు.

"కంపెనీయే రెండని పంపిందిగదా స్టోర్ సాబ్. నువ్వు ఫికర్ జెయ్యకు" అన్నాను.

ఆయన జేబులోంచి మడిచిన చీటీ ఒకటి తీసి ఇచ్చాడు. "జర ఇది సూడు" అన్నాడు. చూస్తానని చెప్పి చొక్కా జేబులో పెట్టుకుని బండి కిందికి దూరాను. నిజం చెప్పాలంటే మనసులో ఒక మాట మెదిలింది. ముప్పై నాలుగేళ్లు పానా పట్టినవాడికి స్టోర్లో కూర్చున్నవాడు కొలతలు చెప్పడమేమిటని. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

పని పెద్దది కాదు. బండిని జాకీతో లేపి, ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టాలి. చక్రం విప్పి, షాక్ అబ్జార్బర్ తీసి, స్ప్రింగును మోసే లోయర్ ఆర్మును, అంటే కింది ఇనుప చెయ్యిని, ఇంకో జాకీతో మెల్లగా దించాలి. స్ప్రింగు వదులవుతుంది, బయటికి వస్తుంది. ప్రమాదం ఒక్కటే. నొక్కుకుని ఉన్న స్ప్రింగు ఒక్కసారిగా వదులైతే ఫిరంగి గుండులా వస్తుంది. మా బస్సులకు ఇనుప పట్టీలు పేర్చిన కమాన్ కట్టలు ఉండేవి, ఇట్లాంటి స్ప్రింగులతో నాకు అలవాటు తక్కువ. తక్కువని ఒప్పుకునే అలవాటు ఇంకా తక్కువ.

ఆయన గోడకు ఆనుకుని నిలబడి చూస్తున్నాడు. "గొలుసు కట్టినవా?" అని అడిగాడు.

"జాకీ మీదనే ఉంది గదా. గొలుసెందుకు?"

"కట్టు ఉస్తాద్. ఏమన్నైతే నేను ఉరికొచ్చి నిన్ను గుంజలేను."

ఆయన నోరు మూయించడానికే ఒక పాత గొలుసు తెచ్చి, స్ప్రింగును ఛాసిస్‌కు చుట్టి కొక్కెం వేశాను. జాకీ దించడం మొదలుపెట్టాను. మా వాకిట్లో పరిచిన బండల్లో ఒకటి కొంచెం కదిలేది. నాకు తెలుసు, కానీ గుర్తు రాలేదు. జాకీ సరిగ్గా దాని మీదే ఉంది. సగం దిగేసరికి బండ కదిలింది, జాకీ ఒరిగింది, కింది ఇనుప చెయ్యి దబ్బున పడిపోయింది. స్ప్రింగు ఎగిరింది. గొలుసు ఫెళ్లుమని బిగుసుకుంది. కళ్లు తెరిచి చూస్తే స్ప్రింగు గొలుసుకు వేలాడుతూ ఊగుతోంది. దానికీ నా మొహానికీ మధ్య జానెడు దూరం.

ఆయన భార్య పరుగున వచ్చింది. "అన్నా! దెబ్బ తాకిందా?" అని నా చేతులు తిప్పి తిప్పి చూసింది. ఆయన మాత్రం ఒకటే అన్నాడు. "ముందుగాల నీళ్లు తాగు."

నీళ్లు తాగాను. జాకీని కదలని బండ మీదికి జరిపాను. అంత జరిగినా సవా ఇంచు మాట గుర్తు రాలేదు చూడండి. ప్రాణం కాపాడిన మాట విన్నందుకు, ఇక అన్నీ విన్నట్టే అనుకున్నాను కాబోలు. రెండు పక్కలా కిట్టు రింగులు వేసి, చక్రాలు బిగించి, సాయంత్రం నాలుగింటికి బండి కిందికి దించాను. నేను చూసిన అత్యంత అందమైన దృశ్యాల్లో అదొకటి. ముక్కు లేచి, వెనకా ముందూ గీత గీసినట్టు మట్టంగా నిలబడింది.

"ఎక్కు స్టోర్ సాబ్" అన్నాను.

ఆయన బండికి వీపు పెట్టి నిలబడ్డాడు. వెనక్కి ఆనుకున్నాడు. సీటు అంచు ఆయన నడుం కంటే పైన తగిలింది. మునివేళ్ల మీద లేవబోయాడు, లేవలేకపోయాడు. ఆమె నడుం కింద చెయ్యి వేసి ఎత్తబోయింది. ఆయన పళ్లు బిగించాడు. మూడోసారి ప్రయత్నించి ఆగిపోయాడు.

"అన్నా, పొద్దుగాల ఎక్కిండు గదా" అంది ఆమె.

నేను లోపలికి పోయి పీట తెచ్చాను. ఇద్దరం పట్టుకుని ఎక్కించాం. మహబూబ్‌నగర్ తీసుకుపోయే సామాను, రెండు బియ్యం బస్తాలు, వెనక పెట్టాను. ఆమె స్టీరింగు ముందు కూర్చుంది. అప్పుడు చూశాను. వెనక భాగం దిగింది. ముక్కు ఆకాశం వైపు లేచింది. మెడ వంచలేని మనిషి కదా, సీటు వెనక్కి వాలగానే ఆయన మొహం పైకి తిరిగిపోయింది.

"ఉస్తాద్," అన్నాడు నెమ్మదిగా, "నాకు రోడ్డు కనిపిస్తలేదు. టాపు కనిపిస్తాంది."

ఆయనే నవ్వాడు. దించాక నేను గోడ పక్కన కూలబడ్డాను. పీట బండిలోనే పెట్టుకుపొండి అని ఏదో అన్నాను. "పీటైతే బండిల ఉంటది. దారిల ఇద్దరు ఎత్తెటోళ్లు ఉంటరా?" అన్నాడు ఆయన. కోపంగా కాదు, స్టోర్లో వస్తువు లేదని చెప్పినంత మామూలుగా.

"గురువారం పోవుడు వాయిదా ఎయ్యి. అక్కకు నేనే ఫోన్ జేసి, తప్పు నాదని చెప్త" అన్నాను.

"వాయిదా ఎందుకు? రింగు ఎంత కోయించాల్నో రాసే ఉంది."

"ఏడ?"

"నీ జేబుల."

చీటీ తీశాను. గ్రీజు అంటుకుంది కానీ అక్షరాలు పోలేదు. ముత్యాల్లాంటి ఆ దస్తూరీ నాకు పాతికేళ్ల పరిచయం. ఖాళీ బండి ఎత్తు ముందూ వెనకా. బియ్యం బస్తాలతో, ఇద్దరు మనుషులతో కలిపి ఎత్తు ముందూ వెనకా. తేడా సవా ఇంచు. దాని కింద ఇంకో లెక్క. స్ప్రింగు ఉన్నది చక్రానికీ ఛాసిస్‌కూ నడిమధ్యన కాబట్టి, రింగు మందం ఎంతో దానికి రెండింతలు బండి లేస్తుంది. అందుకని ఇంచు మందం ఉన్న రింగు రెండు ఇంచులు లేపుతుంది. మనకు కావలసింది ఐదు సూతులు. సూత్ అంటే ఇంచులో ఎనిమిదో వంతు. చివరన ఒక వాక్యం రాసి ఉంది. సీటు మీద అట్టలు పేర్చి ప్రయత్నించాను, ఇంతవరకు ఎక్కగలను, ఇంతకు మించితే ఎక్కలేను.

నేనెప్పుడూ బండినే కొలిచాను. ఆయన బండినీ, బండిలో కూర్చునే మనిషినీ, ఆ మనిషి పోవలసిన దారినీ కలిపి కొలిచాడు. తన ఒంటిని కూడా ఒక స్పేరు పార్టు కొలిచినట్టు, జాలీ సిగ్గూ లేకుండా కొలుచుకున్నాడు.

ఆ రాత్రి వాళ్లిద్దరినీ మా ఇంట్లోనే ఉంచేశాం. బుధవారం పొద్దున్నే మళ్లీ అన్నీ విప్పాను. ఈసారి జాకీ కింద మందపాటి చెక్క వేశాను. గొలుసు ఎవరూ చెప్పకముందే కట్టాను. రింగులు తీసుకుని నకిరేకల్‌లో లోహం కోసే లేత్ షాపుకు పోతుంటే, ఆయన మందం కొలిచే తన వెర్నియర్ నా చేతిలో పెట్టాడు. "ఇది డిపోది కాదు, నాది" అని నాకెందుకో సంజాయిషీ ఇచ్చుకున్నాడు. లేత్ ఆయన్ని పక్కన నిలబెట్టుకుని, ఒక్కో రింగునూ నాలుగు చోట్ల కొలిచి, మూడు సూతులు కోయించి తెచ్చాను.

తెచ్చి చేతికిస్తే ఆయన కళ్లతో చూడలేదు. ఒక్కో రింగునూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి చుట్టూ తిప్పాడు. "ఇది జర మందం" అన్నాడు. వెర్నియర్ పెట్టి చూస్తే నిజమే, కాగితమంత తేడా.

"మళ్ల పోయి కోయించాల్నా?" అన్నాను.

"వద్దు. మందంగున్నది నా దిక్కు ఎయ్యి. నేను ఆమెకన్న బరువు." ఆ మాటకు ఆమె నవ్వింది. రెండు రోజుల్లో మొదటిసారి.

రింగులు వేసి, బండి దించి, బియ్యం బస్తాలు ఎక్కించాను. ఆయన వీపు పెట్టి నిలబడి, వెనక్కి ఆనుకున్నాడు. కూర్చున్నాడు. ఆమె కాళ్లు తిప్పింది. ఇద్దరూ కూర్చుని ఉండగానే, బండి మీద అసలు బరువు ఉండగానే, కిందికి దూరి బోల్టులన్నీ చివరి బిగింపు బిగించాను. ఆ పని అట్లాగే చెయ్యాలి, లేకపోతే రబ్బరు బుష్షులు మెలితిరిగి చిరుగుతాయి. ఇది నాకు తెలిసిన విషయమే. చేసింది మాత్రం ఆ రోజే. బయటికి వచ్చి టేపు పెట్టాను. ముందూ వెనకా ఒకటే కొలత.

"రోడ్డు కనిపిస్తాందా?" అని అడిగాను.

"కనిపిస్తాంది. నీ మొఖం గూడ కనిపిస్తాంది. కడుక్కో" అన్నాడు.

గురువారం నేను కూడా వెంట పోయాను. కొత్తగా బిగించిన బోల్టులను కొంత దూరం పోయాక మళ్లీ చూసుకోవాలని సాకు చెప్పాను. నల్లగొండలో చక్రాల అలైన్‌మెంటు చూపించి, ముక్కు లేచినందుకు హెడ్‌లైట్ల వెలుగు కిందికి దించుకుని బయల్దేరాం. దేవరకొండ దాటాక ఒక వేపచెట్టు కింద ఆపి, నట్టులన్నీ పానాతో పరీక్షించాను. ఒక్కటీ కదల్లేదు. ఆయన కూడా జారలేదు. కల్వకుర్తి దాకా ఆయన కిటికీలోంచి చేలూ గుట్టలూ చూస్తూ అక్క గురించే మాట్లాడాడు. చిన్నప్పుడు కాళ్లు నొప్పులని ఏడిస్తే ఆమె చంకనెత్తుకుని బడికి తీసుకుపోయేదట. స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడల్లా ఆయన భార్య బండిని ఎంత సుతారంగా దాటించేదంటే, మా డిపోలో అంత నేర్పున్న డ్రైవర్లు నలుగురు కూడా ఉండరు.

మధ్యాహ్నానికి ఆ ఊరు చేరాం. అక్క గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడి ఉంది. ఆమె నడుము ముందుకు వంగిపోయి, మొహం నేలను చూస్తోంది. ఆయనది నిలువుగా బిగిసిన ఒళ్లు. దించి నిలబెడితే, ఆమెకు తమ్ముడి చొక్కా గుండీలు మాత్రమే కనిపించాయి. ఆయనకు అక్క నెత్తి మాత్రమే కనిపించింది. ఆమె చేత్తో ఆయన పొట్ట తడిమి, "బక్కగైనవు రా" అంది. ఆరేళ్లకు ఎదురెదురుగా నిలబడి, ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

ఆయన భార్యకు తట్టింది. ఆయన్ని మళ్లీ బండి సీటు మీద పక్కవాటుగా కూర్చోబెట్టి, తలుపు తెరిచే ఉంచి, ఆడబిడ్డను దగ్గరికి తెచ్చి నిలబెట్టింది. ఆయన వీపు వెనక దిండు పెట్టి కొంచెం వెనక్కి వాల్చింది. అప్పుడు రెండు మొహాలూ సమంగా వచ్చాయి. అక్క రెండు చేతులతో ఆయన చెంపలు పట్టుకుంది. నేను అటు తిరిగి, అవసరం లేకపోయినా, వెనక చక్రం గాలి చూశాను.

భోజనాలయ్యాక అక్క బండిని తడుముతూ, "నేను గడప దాటి రెండేండ్లాయె" అంది, ఎవరితోనూ కాకుండా. ఆయన భార్య ఇంకేమీ అడగలేదు. గొర్రెపిల్లను ఎత్తినట్టు ఆమెను ఎత్తి మధ్య సీట్లో కూర్చోబెట్టి, చుట్టూ దిండ్లు సర్దింది. ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు. బండి మెల్లగా కదిలింది. డిపోలో నేను బాగుచేసిన బస్సు గేటు దాటితే, తర్వాత దాని వైపు చూసేవాణ్ని కాదు. ఇంకో బస్సు గుంత మీద ఉండేది. ఆ రోజు మాత్రం చెరువు కట్ట మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.

పావుగంటకు తిరిగొచ్చారు. దించుదామని నేను పోయి తలుపు తీశాను. అక్క రెండు చేతులతో ముందు సీటు పట్టుకుని కూర్చుంది. దిగలేదు. నన్ను చూడలేదు. నేలవైపు ఉన్న మొహంతోనే, స్టీరింగు దగ్గరున్న మరదలితో అంది.

"పిల్లా, ఇంకో సుట్టు."

నేను తలుపు వేశాను.